ఎర్తు గుంతలతో సహా

గృహ ప్లగ్గు భద్రతా మండలి వారి మొదటి నియమం రాసింది నేనే. ఇన్నాళ్ళూ ఈ సంగతి బయటికి చెప్పకపోవడానికి కారణం సిగ్గు కాదు, ఎవరూ అడగకపోవడం. సిగ్గు తర్వాత వచ్చింది.

మా రావులమెట్టలో మండలి పెట్టి రెండేళ్ళయింది. ఇళ్ళల్లో జనం ప్లగ్గుల దగ్గర క్షేమంగా ఉండేట్టు చూడడం దాని పని. అందుకోసం ఏం చెయ్యాలన్నది మాత్రం పైనించి ఎవరూ చెప్పలేదు. ముందు బోర్డు వచ్చింది, తర్వాత బీరువాలు వచ్చాయి, ఆ తర్వాత సంచాలకులుగా పరాంకుశం గారు వచ్చారు. ఆయన అంతకుముందు ఇరవయ్యేళ్ళు చేపల చెరువుల వ్యవహారాలు చూశారు. కరెంటు గురించి తనకేమీ తెలియకపోవడమే తన నిష్పాక్షికతకు హామీ అని చేరిన రోజునే మాకు వివరించారు.

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని, పేరు త్రినాథ్. ఉత్తర్వులు, నియమాలు, నోటీసులు అన్నీ నేనే రాయాలి. ఇంకొకాయన గవరయ్య. ముప్ఫయ్యేళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి రిటైరై, మా దగ్గర అటెండరుగా టీలు తెచ్చేవాడు. ఆఫీసు మొత్తంలో కరెంటు గురించి తెలిసింది అతనొక్కడికే కాబట్టి అతన్ని ఏ సమావేశానికీ పిలిచేవాళ్ళు కాదు.

"త్రినాథ్ గారూ, ప్రజానీకపు ప్రాణరక్షణ దృష్ట్యా మనకొక సమగ్రమైన, సంపూర్ణమైన, ఎక్కడా సందు లేని నియమం కావాలి" అన్నారు సంచాలకులు.

'ఏ విద్యుత్ పరికరానికైనా పదడుగుల లోపు నీరు ఉంచరాదు, పోయరాదు, చల్లరాదు' అని రాసి తీసుకెళ్ళాను. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "సందుంది" అన్నారు. విద్యుత్ పరికరం అంటే ఏమిటో చెప్పలేదట. వెనక్కొచ్చి మిక్సీలు, గ్రైండర్లు, ఫ్రిజ్జులు, ఫ్యాన్లు, మీటరు బోర్డులు అని వరసగా రాశాను. చివర వాక్యం తేలిపోతున్నట్టు అనిపించింది. కాస్త బరువుగా ఉంటుందని 'ఎర్తు గుంతలతో సహా' అని చేర్చాను. ఆ మూడు మాటలూ చదివి సంచాలకులు నా భుజం తట్టారు. ఉద్యోగంలో చేరాక నా భుజం ఎవరైనా తట్టడం అదే మొదలు.

ఎర్తు గుంత అంటే ఇంటి పక్కన నేలలో పాతిన పైపు. గ్రైండరుకో ఫ్రిజ్జుకో లోపల ఏదన్నా తేడా చేసి దాని ఒంట్లోకి కరెంటు దిగితే, అది మనిషిలోంచి కాకుండా ఆ పైపులోంచి భూమిలోకి పోతుంది. దానికి అక్కడి నేల తడిగా ఉండాలి. అందుకే మా ఊళ్ళో ఎండలు ముదిరాయంటే ఆడవాళ్ళు మొక్కలకు పోసినట్టే ఆ గుంతలో కూడా ఓ బిందె పోస్తారు, గుప్పెడు ఉప్పు వేస్తారు. ఇది ఏ చట్టంలోనూ లేదు. లైన్‌మన్లు చెప్పారు, అత్తలు విన్నారు, కోడళ్ళకు చెప్పారు. ఇదంతా నాకు తర్వాత గవరయ్య చెబితే తెలిసింది. రాసేటప్పుడు నాకు తెలిసిందల్లా వాక్యం చివర బరువుండాలన్నదే.

నియమం ఫిబ్రవరిలో వెలువడింది. ఆటోకి మైకు కట్టి వీధివీధికీ చెప్పించాం. మా ఊరి జనం మంచివాళ్ళు, నిజంగానే మానేశారు. ఏప్రిల్ దాటేసరికి ఊళ్ళో గుంతలన్నీ పెంకులా ఎండిపోయాయి. మే మొదటి వారంలో పేరిందేవి వచ్చింది.

పేరిందేవి గ్రైండరు మీద పిండి రుబ్బి అమ్ముతుంది. మా ఆఫీసు చుట్టుపక్కల నాలుగు వీధుల ఇడ్లీ, అట్టు ఆవిడ పిండితోనే. మా క్యాంటీను కూడా ఆవిడ దగ్గరే కొనేది. రోజూ తొమ్మిదిన్నరకి సంచాలకుల బల్ల మీదికి వచ్చే నాలుగు ఇడ్లీలు ఆవిడ పిండివే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"బాబూ, గ్రైండరు కొడతందండి" అందావిడ.

"ఎవర్ని?" అన్నారు సంచాలకులు.

"నన్నేనండి. నెల్లాళ్ళ నుంచండి. ముందు చీమ కుట్టినట్టుండేది, ఇప్పుడు తేలు కుట్టినట్టుంటందండి. చెక్కపీటేసుకుని, హవాయి చెప్పులేసుకుని, దాని మీద నిలబడి చెక్క తెడ్డుతో పిండి తోసుకుంటన్నానండి. చేత్తో ముట్టుకోడం మానేసేను. ఎవరన్నా ఒక్కసారి వచ్చి చూస్తే చాలండి. నాకు అన్నం పెట్టేది అదొక్కటేనండి. అది ఆగిపోతే నా పొయ్యి ఆరిపోద్దండి."

అప్పుడే టీలు తెచ్చిన గవరయ్య గుమ్మంలో ఆగాడు. "గుంతెండిపోయుంటాదండి. రెండు బిందెల నీళ్ళు, గుప్పెడు ఉప్పు పడితే..."

"నీరా!" అన్నారు సంచాలకులు. బూతు విన్నట్టు మొహం పెట్టారు. "విద్యుత్తు దగ్గర నీరా? త్రినాథ్ గారూ, నియమం ఒకటి ఏం సెలవిస్తోంది?"

నేను లేచి నిలబడి చదివాను. చివరి మూడు మాటలు వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గింది. అప్పటికింకా ఎందుకో తెలియలేదు.

"టీలు పెట్టి వెళ్ళు" అన్నారు సంచాలకులు గవరయ్యతో. పేరిందేవి అర్జీకి నంబరు వేశాం.

నెలాఖరుకి అలాంటి అర్జీలు నలభై ఒకటయ్యాయి. ఫ్రిజ్జు కొడుతోందని ఒకరు, ఇస్త్రీపెట్టె కొడుతోందని ఒకరు, కుళాయి కూడా కొడుతోందని ఒకరు. సంచాలకులు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఈ అర్జీలను నేను క్షుణ్ణంగా అధ్యయనం చేశాను" అన్నారు. "షాకు తగిలిన నలభై ఒక్క మందీ ఇంట్లో ప్లగ్గు పెట్టినవారే. ప్లగ్గు పెట్టని ఇంట్లో ఒక్కరికంటే ఒక్కరికి షాకు తగిలిన దాఖలా లేదు. దీన్నిబట్టి మనకు ఏం ద్యోతకమవుతోంది?"

ద్యోతకమైంది ఆయనకొక్కరికే.

అలా నియమం రెండు పుట్టింది. ఇకమీదట గోడలో ప్లగ్గు పెట్టాలంటే మండలి అనుమతి తీసుకోవాలి. ఫారం నేనే తయారుచేశాను. ప్లగ్గు పుట్టిన ఊరు, దానికి రెండు కాళ్ళా మూడు కాళ్ళా, రెండైతే మూడోది ఏమైంది, ఈ ప్లగ్గు గతంలో వేరే గోడలో ఉండేదా, ఉంటే అక్కణ్ణించి ఎందుకు రావలసి వచ్చింది. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, వాళ్ళలో ఒకరు గెజిటెడ్ అధికారి. నలభై ఐదు రోజుల్లో నిర్ణయం తెలియజేయబడుతుంది. ఈలోగా ఊళ్ళో ప్లగ్గు కన్నాలన్నిటికీ లక్క సీలు వేయించాం. అధికారుల నివాసాలకు మినహాయింపు ఇచ్చాం, వారు బాధ్యతగల వ్యక్తులు గనక.

అనుమతి కోరేవారికి మూడు రోజుల శిక్షణ తప్పనిసరి. మొదటిరోజు ప్లగ్గు చరిత్ర. రెండోరోజు ప్లగ్గు పెట్టేటప్పుడు నిలబడవలసిన భంగిమ. మూడోరోజు ప్రయోగం. కానీ హాల్లో ప్లగ్గు కన్నాలకు కూడా సీలు వేసేశాం కాబట్టి, నల్లబల్ల మీద మూడు సున్నాలు గీసి వాటిలో పెట్టించాం. పేరిందేవి మూడు రోజులూ ముందు వరసలో కూర్చుంది. మూడోరోజు సున్నాలోకి ప్లగ్గు తిన్నగా పెట్టింది. నేను ఏమీ ఎరగనట్టు మార్కులు వేశాను.

"ఇప్పుడు సీలు తీస్తారా బాబూ?" అంది.

"ఫైలు నడుస్తోందమ్మా" అన్నాను.

"ఎక్కడిదాకా నడిచిందండి?"

ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది. దాని మీదే నా టిఫిను డబ్బా ఉంది.

ఆవిడ పక్కింటివాళ్ళ రుబ్బురోలు అడిగి రుబ్బడం మొదలెట్టింది. రోజుకి పదిహేను కేజీల పిండి రుబ్బే మనిషి నాలుగు కేజీలు రుబ్బేసరికి భుజం వాచిపోయేది. కొనేవాళ్ళు దుకాణాల్లో పిండి పొట్లాలు కొనుక్కోసాగారు. మా క్యాంటీనులో ఇడ్లీలు ముందు చిన్నవయ్యాయి, తర్వాత గట్టివయ్యాయి, ఓ సోమవారం ఉప్మా వచ్చింది. సంచాలకులు ప్లేటు వంక చాలాసేపు చూశారు. గవరయ్య ఏదో చెప్పబోయాడు. "ప్లేటు పెట్టి వెళ్ళు" అన్నారాయన.

జూన్ సగానికల్లా షాకు అర్జీలు సున్నాకి దిగాయి. ఏ ఇంట్లోనూ ఏదీ పనిచెయ్యడం లేదు, ఇక కొట్టడానికి ఏముంటుంది? మేం నివేదిక పంపాం. మా ఊరిని 'షాకురహిత పట్టణం'గా ప్రకటిస్తామనీ, జ్ఞాపిక ఇవ్వడానికి ప్రధాన కార్యాలయం నుంచి ముఖ్య పరిశీలకులు వస్తారనీ జవాబొచ్చింది. ఎవరూ ముట్టుకోకుండా ఆఫీసు మెయిన్ స్విచ్చుకి కూడా పెట్టె కట్టించి తాళం వేయించారు సంచాలకులు. ఆ ఒక్క తాళంచెవీ తన చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సభ రోజు వచ్చింది. ఆవరణలో షామియానా వేశాం, కుర్చీలు వేశాం. అప్పుడు గుర్తొచ్చింది, మైకుకి ప్లగ్గు అనుమతి తీసుకోలేదని. నలభై ఐదు రోజులు ముందు అడగాలి. సభ పావుగంటలో మొదలవ్వాలి.

మైకువాడు కంగారుపడలేదు. వైరు చివరున్న ప్లగ్గు కత్తిరించి జేబులో వేసుకున్నాడు. రెండు తీగలకూ పైతొడుగు పళ్ళతో పీకాడు. ముఖ్య పరిశీలకుల ముందు సీలు వేసి చూపించడానికని ఆవరణలో వదిలిన ఒక్క కన్నాల బోర్డులో ఆ తీగలు దోపి, ఊడిరాకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చాడు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు చిన్నప్పట్నుంచీ ఇలాగే పెడతారు.

"ఏమయ్యా, ప్లగ్గు పెట్టకూడదు తెలుసా?" అన్నాను.

"ప్లగ్గు ఎక్కడుందండి?" అన్నాడు.

నేను వంగి చూశాను. సంచాలకులు కూడా వంగి చూశారు. నిజంగానే లేదు. "నియమాల పట్ల సామాన్యుడికి కలిగిన చైతన్యానికి ఇది నిదర్శనం" అన్నారాయన సంతోషంగా.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. పేరిందేవి గ్రైండరుతో సహా దిగింది. ఫిర్యాదుకు గురైన పరికరాన్ని మండలికి స్వాధీనం చెయ్యాలని నియమం తొమ్మిది. వారం కింద ఆవిడకి నోటీసు పంపింది నేనే. చేతిలో చెక్క తెడ్డు కూడా ఉంది, నోటీసులో 'అనుబంధ సామగ్రి' అన్నాం గనక.

"ఇది కూడా తీసేసుకుంటే నేనేం చేసి బతకాలండి?" అంది. ఏడవలేదు, తగవు పడలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

"రసీదు ఇస్తారమ్మా" అన్నాను. అలా అన్నందుకు ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

సభ మొదలైంది. సంచాలకులు లేచి మైకు కడ్డీని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నారు.

"మిత్రులారా! నేడు మన పట్టణంలో షాకు అనే మాటకు..."

అక్కడ ఆగిపోయారు. ఉపన్యాసాల్లో అలా ఆగడం మామూలే కాబట్టి జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యి వణికింది, ఇంకా గట్టిగా కొట్టారు. కళ్ళజోడు ఎగిరి పడింది. "ఎంతటి భావావేశం!" అన్నారు ముఖ్య పరిశీలకులు పక్కాయనతో.

పేరిందేవి ఒక్కతే గుర్తుపట్టింది. "అయ్యబాబోయ్, ఆయన్ని పట్టేసిందండి! మెయినాపండి!"

అందరం పరిగెత్తాం. మెయిను పెట్టెకి తాళం ఉంది. తాళంచెవి జేబులో ఉంది. ఆ జేబు సంచాలకుల చొక్కాకి ఉంది. ఆయన్ని ముట్టుకోడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఉత్తర్వు కావాలని ఎవరో అన్నారు కూడా.

ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. హవాయి చెప్పులతోనే చెక్కబల్ల మీదికెక్కి, బోర్డులో దోపిన తీగల మీద తెడ్డుతో ఒక్క దెబ్బ కొట్టింది. అగ్గిపుల్లలు ఎగిరిపోయాయి. రెండు తీగలూ ఊడి వేలాడాయి. సంచాలకులు నేల మీద కూలబడ్డారు.

"నీళ్ళు" అన్నారు.

గవరయ్య గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. ముఖ్య పరిశీలకులు చెయ్యి అడ్డం పెట్టారు. "మైకు పరికరం పదడుగుల లోపే ఉన్నట్టుందే?" మైకుని అవతలకి జరిపించాక సంచాలకులకి నీళ్ళు పట్టారు.

ముఖ్య పరిశీలకులు అక్కడికక్కడే విచారణ జరిపారు. "ఇది ప్లగ్గు ప్రమాదమా?" అని అడిగారు. ప్లగ్గు మైకువాడి జేబులో ఉంది. నా చేత రాయించారు: 'ఘటన జరిగిన సమయమున ఘటనాస్థలమున ప్లగ్గు లేదు. కావున ప్లగ్గు ప్రమాదము జరుగలేదు.' జ్ఞాపిక మాకే ఇచ్చారు. సంచాలకులు దాన్ని ఎడమచేత్తో అందుకున్నారు, కుడిచెయ్యి ఇంకా మాట వినడం లేదు. ప్లగ్గు బయటికి తియ్యడానికి కూడా వేరే ఫారం ఉంది. పేరిందేవి అది నింపలేదు. కానీ తియ్యడానికి ప్లగ్గే లేదు కాబట్టి ఆవిడ మీద చర్య అవసరం లేదని ఉదారంగా తేల్చారు. గ్రైండరు మాత్రం స్వాధీనం చేసుకోమన్నారు.

రసీదు పుస్తకం తీశాను. పేరు రాశాను. 'వస్తువు' అన్నచోట కలం ఆగిపోయింది. ఒక మనిషి ప్రాణం నిలబెట్టి, ఆ తెడ్డు కూడా నా బల్ల మీద పెట్టి, రసీదు కోసం నిలబడిందావిడ. నేను పుస్తకం మూసేశాను.

"గవరయ్యా, ఆటో ఆపు. గ్రైండరు ఎక్కించు" అన్నాను. దారిలో ఉప్పు పొట్లం కొన్నాను.

పేరిందేవి ఇంటి వెనక గుంతలో మట్టి గునపానికి కూడా లొంగలేదు. గవరయ్య తవ్వుతుంటే కుళాయి దగ్గర్నుంచి నీళ్ళు నేను మోశాను. రెండు చాలలేదు, ఆరు బిందెలు పట్టాయి. ఉప్పు వేశాం, పొయ్యిలో బొగ్గులు ఏరి వేశాం. గవరయ్య చాకుతో లక్క సీలు గీకేసి, గ్రైండరు పెట్టి, దాని ఒంటికి టెస్టరు ఆనించాడు. వెలగలేదు.

పేరిందేవి ముందు వేలి వెనకభాగంతో తాకింది. తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించి అలాగే ఉంచింది.

"ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా."

"ఈయన మొదటిరోజే చెప్పేడు కదండి. మరి పొయ్యొద్దన్నదెవరండి?"

"నేనే. ఆ మూడు మాటలూ రాసింది నేనే."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా తడిసిన చొక్కా వంక చూసి, "రేప్పొద్దున్న ఆఫీసుకి పిండి పంపుతానండి" అంది. సిగ్గు వచ్చింది అప్పుడే.

మర్నాడు తొమ్మిదిన్నరకి సంచాలకుల బల్ల మీదికి ఇడ్లీలు వచ్చాయి. నాకు పిలుపు కూడా వచ్చింది. ఎర్తు గుంతలో నీరు పోసినందుకు సంజాయిషీ కోరుతూ మెమో సిద్ధంగా ఉంది. ఆయన ఇడ్లీలు నాలుగూ తిన్నాకే దాని మీద సంతకం పెట్టారు. తర్వాత లేచి తలుపు వేసి వచ్చారు.

"ఏమయ్యా త్రినాథ్" అన్నారు గొంతు తగ్గించి. "మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా నెలరోజులుగా... మా ఆవిడ పప్పుగుత్తితో తలుపు తీస్తోంది. ఎన్ని బిందెలు పొయ్యాలి?"

నేను జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. నియమం ఒకటిలో చివరి మూడు మాటలు తొలగిస్తున్నట్టు సవరణ.

"ఇవి తీసేస్తే సందు ఏర్పడుతుంది కదయ్యా" అన్నారు.

"అవును సార్. నీళ్ళు ఆ సందులోంచే వెళ్ళాలి."

ఆయన కుడిచెయ్యి చూసుకున్నారు. సంతకం పెట్టారు. ఉత్త తొలగింపు మీద సంతకం పెట్టడం హోదాకి తగదనుకున్నారో ఏమో, కింద తన దస్తూరీతోనే ఒక వాక్యం చేర్చారు: 'అయితే, నీరు పోయు బిందెకు ప్లగ్గు ఉండరాదు.'

"ఆరు బిందెలు సార్" అన్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో గుంతలు తడిగా ఉన్నాయి. ఎవరినీ ఏదీ కొట్టడం లేదు. గోడల మీది లక్క సీళ్ళు జనం గీకేసుకున్నారు, మా రిజిస్టర్లలో మాత్రం భద్రంగా ఉన్నాయి. బిందెతో నీళ్ళు పొయ్యాలనుకునేవాళ్ళు దాన్ని ఆఫీసుకి తెచ్చి చూపిస్తే, గవరయ్య అటూ ఇటూ తిప్పి, బోర్లించి, ప్లగ్గు లేదని ధ్రువీకరిస్తాడు. ఆ ఉద్యోగానికి అతనికి కుర్చీ కూడా ఇచ్చారు.

మొదటి ధ్రువపత్రం పేరిందేవి ఇత్తడి బిందెకి వచ్చింది. సంచాలకుల సంతకం, గుండ్రటి ముద్ర, పైన లామినేషను. మొన్న పిండికోసం వెళ్తే అది పిండి గిన్నె మీద మూతగా కనిపించింది.

"ఈగలు వాలకుండా సరిగ్గా సరిపోయిందండి" అంది పేరిందేవి.